వాకిలి తెరిచి ఇల్లు ఖాళీ చేస్తే

మన సభల్లోనూ, కరపత్రాల్లోనూ, ఎన్నికల వేళ మన వాడలకు వచ్చే నాయకుల వాగ్దానాల్లోనూ రెండు దశాబ్దాలుగా ఒకే చర్చ నడుస్తోంది. ముస్లింలకు రిజర్వేషన్ 4 శాతమా, 5 శాతమా, 12 శాతమా? శాతం ఎంత అన్నది ముఖ్యమైన ప్రశ్నే. దానికోసం మన పెద్దలు వీధుల్లో నడిచారు, న్యాయస్థానాల మెట్లెక్కారు. అయితే దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. అది మన సభల్లో అరుదుగా వినిపిస్తుంది. ఎందులో శాతం? దేనిలో వాటా?

1991 జులైలో కేంద్ర ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానాన్ని ప్రకటించింది. లైసెన్సుల వ్యవస్థను చాలావరకు రద్దు చేసింది. విదేశీ పెట్టుబడికి ద్వారాలు తెరిచింది. ప్రభుత్వ రంగ సంస్థల్లో వాటాల విక్రయానికి శ్రీకారం చుట్టింది. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ 2007లో వచ్చింది. ఈ రెండు సంవత్సరాల మధ్య దూరం 16 ఏళ్ళు. ఆ 16 ఏళ్ళలో ఉద్యోగం అన్న మాటకు అర్థమే మారిపోయింది. ఇంటి వాకిలి మనకోసం తెరిచే సమయానికి ఇంట్లోని సామాను ఒక్కొక్కటిగా వెనుక దారిన తరలిపోతోంది. ఈ సంగతి గుర్తించకుండా శాతాల గురించి ఎంత వాదించుకున్నా మన పిల్లల చేతికి వచ్చేది స్వల్పమే.

వాకిలి తెరుచుకున్న తీరు

ఆ 4 శాతం కూడా సులువుగా దక్కలేదు. 2004లో ముస్లింలందరికీ 5 శాతం కేటాయిస్తూ ఇచ్చిన ఉత్తర్వును హైకోర్టు నిలబడనీయలేదు. 2005లో చేసిన చట్టాన్నీ కొట్టివేసింది. మతం ప్రాతిపదిక కాకూడదని, సామాజిక, విద్యా వెనుకబాటే ప్రాతిపదిక కావాలని న్యాయస్థానం చెప్పిన మీదట మాజీ ఐ.ఏ.ఎస్. అధికారి పి.ఎస్. కృష్ణన్ అధ్యయనం ఆధారంగా వెనుకబడిన ముస్లిం వర్గాలను గుర్తించి, 2007లో బీసీ-ఇ సమూహాన్ని ఏర్పాటు చేశారు. దాన్నీ 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేయగా, అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగనిచ్చింది. నేటికీ మనం ఆ ఉత్తర్వు నీడలోనే ఉన్నాం. తెలంగాణ శాసనసభ 2017 ఏప్రిల్‌లో ఈ వాటాను 12 శాతానికి పెంచుతూ బిల్లు ఆమోదించింది. అది అమలుకు నోచుకోలేదు.

బీసీ-ఇ జాబితాను ఒకసారి పరికించి చదివితే మన సమాజపు ఆర్థిక చరిత్ర కనిపిస్తుంది. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, హజామ్‌లు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు, ఖురేషీలు, సిద్దీలు, తురక కాశలు. ఇవి పేర్లు మాత్రమే కావు, వృత్తులు. తురక కాశలంటే రోళ్ళకు, తిరగళ్ళకు కక్కు కొట్టేవారు. ఊరూరా తిరుగుతూ, అరిగిన రాతికి ఉలితో గాట్లు పెట్టి, ఇంటింటా గింజలో, గుప్పెడు పైసలో పుచ్చుకునేవారు. వీరికి తోడు, ముందునుంచే బీసీ-బి సమూహంలో ఉన్న దూదేకులవారు పత్తిని ఏకి పరుపులు, బొంతలు కుట్టేవారు.

ఈ వృత్తులన్నిటినీ 1991 ఒక్కటే కూల్చిందని మేము అనడం లేదు. పిండి మర, మిక్సీ అంతకు ముందే వచ్చాయి. స్పాంజి పరుపూ అంతే. కొత్త యంత్రం వచ్చినప్పుడు పాత పని పోవడం చరిత్రలో కొత్త కాదు. పని పోయినవాడికి మరో పని చూపే బాధ్యత ఎవరిది అన్నదే అసలు ప్రశ్న. సరళీకరణకు ముందు రాజ్యం ఆ బాధ్యతను మాటవరసకైనా ఒప్పుకునేది. తరువాత దాన్ని మార్కెట్‌కు అప్పగించింది. చదువు, పెట్టుబడి, భూమి ఉన్నవారికి మార్కెట్ కొత్త దారి చూపింది. ఉలి తప్ప మరేదీ లేనివారికి అది చూపిన దారి అడ్డా కూలి, తోపుడు బండి.

ఒకే వ్యాపారం, రెండు గౌరవాలు

ఖురేషీల వృత్తిని చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. సరళీకరణ తరువాత మన దేశం గేదె మాంసం ఎగుమతిలో ప్రపంచంలోని అగ్రశ్రేణి దేశాల సరసన చేరింది. అప్పటి మెదక్ జిల్లా రుద్రారంలో ఎగుమతి కోసం భారీ యాంత్రిక కబేళా వెలసింది 1990లలోనే. పెద్ద పెట్టుబడి చేతిలో ఈ వ్యాపారం విదేశీ మారకద్రవ్యం తెచ్చే పరిశ్రమ అయింది. అదే వ్యాపారం చిన్న ఖురేషీ చేతిలో ఉన్నప్పుడు ఏమైంది? పట్టణాల్లో పాత కబేళాలు బాగుచేసేవారు లేక శిథిలమయ్యాయి. సంత నుంచి కాగితాలన్నీ సక్రమంగా పెట్టుకుని పశువును తోలుకొస్తున్నవాడికీ దారిలో అల్లరి మూకల భయం తప్పడం లేదు. స్వేచ్ఛా విపణి అంటున్నారు. ఆ స్వేచ్ఛ కంటెయినర్ నౌకకు ఉంది, సంత దారిలో నడిచే మనిషికి లేదు. ఆర్థిక విధానానికీ మతవిద్వేషానికీ సంబంధం లేదని వాదించేవారు ఈ ఒక్క వృత్తిని పరిశీలిస్తే చాలు.

కార్ఖానాల గేట్లు

మన పట్టణాల్లో ముస్లిం కుటుంబాలకు స్థిరమైన జీతం తెలిసింది ప్రధానంగా రెండు చోట్ల: సర్కారు కొలువులో, పెద్ద కార్ఖానాలో. 1948 తరువాత హైదరాబాద్ రాజ్య సైన్యం నుంచి, పాలన యంత్రాంగం నుంచి వేలాది కుటుంబాలు జీతాలు కోల్పోయాయి. అప్పుడు ఆదుకున్నవాటిలో కార్ఖానాలు కూడా ఉన్నాయి. 1934లో వరంగల్‌లో స్థాపించిన ఆజంజాహీ మిల్లు, బోధన్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ, 1942లో హైదరాబాద్‌లో మొదలై శీతలపెట్టెల నుంచి బస్సు బాడీల దాకా తయారుచేసిన ఆల్విన్. ఇవి ముస్లింల సంస్థలు కావు, అందరివి. అన్ని కులాల, మతాల శ్రామికులు ఒకే సైరన్‌కు లోపలికి వెళ్ళి, ఒకే సైరన్‌కు బయటికి వచ్చేవారు. భవిష్యనిధి, ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి, యూనియన్ సభ్యత్వం, పిల్లల బడి ఫీజుకు సరిపడే నెలజీతం ఆ గేటు లోపల లభించేవి.

ఆజంజాహీ మిల్లు మూతబడింది. ఆల్విన్ 1990లలో ముక్కలై చేతులు మారింది. నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు వారికి వెళ్ళింది, 2015 డిసెంబరులో గానుగ ఆగింది. ఈ సంస్థల పతనానికి నిర్వహణ లోపాలు, పాతబడిన యంత్రాలు, రాజకీయ జోక్యం కూడా కారణాలే. దాన్ని కాదనలేం. కానీ బాగుచేయవలసిన చోట వదిలించుకోవడమే విధానంగా మారింది. ఆ గేట్లు మూసుకున్నప్పుడు పోయింది జీతమొక్కటే కాదు, పేరు చూసి కాక పనితనం చూసి మనిషిని గుర్తించే ఒక చోటు కూడా.

లెక్కలు చెబుతున్న మాట

దేశవ్యాప్తంగా ప్రభుత్వ రంగంలో, అంటే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు, ప్రభుత్వ సంస్థలు అన్నిటిలో కలిపి, 1991లో సుమారు 1 కోటి 90 లక్షల ఉద్యోగాలుండేవి. 2012 నాటికి అవి సుమారు 1 కోటి 76 లక్షలకు తగ్గాయి. ఈ మధ్యకాలంలో జనాభా 84 కోట్ల నుంచి 120 కోట్లు దాటింది.

తగ్గిన సంఖ్యకంటే మారిన స్వభావం మరింత ఆందోళన కలిగిస్తుంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో 2013లో కాంట్రాక్టు, రోజుకూలీ సిబ్బంది సుమారు 19 శాతం. 2022 నాటికి వారు 42 శాతం దాటారు. అంటే సంస్థ మిగిలినా ఉద్యోగం మిగలలేదు. ఏజెన్సీ ద్వారా తీసుకునే సిబ్బందికి సాధారణంగా రోస్టర్ వర్తించదు. నోటిఫికేషన్ ఉండదు, రాతపరీక్ష ఉండదు, ఎవరి తరఫున ఎవరు చెప్పారన్నదే అర్హత. మునిసిపాలిటీల్లో, ఆసుపత్రుల్లో, విద్యుత్ సంస్థల్లో ఇవాళ పని చేస్తున్నవారిలో ఎందరు ఈ దారిన వచ్చారో మన పాఠకులకు తెలియనిది కాదు. 4 శాతం కాగితం మీద పదిలంగానే ఉంది. అది లెక్కించవలసిన పోస్టే రోస్టరు పుస్తకంలోంచి మాయమైంది.

సంస్థ అమ్ముడైతే ఆ మిగిలిన రోస్టరు కూడా ఉండదు. రాజ్యాంగంలోని 16(4) అధికరణం రాజ్యం కింద ఉండే ఉద్యోగాలకే వర్తిస్తుంది. యాజమాన్యం చేతులు మారిన మరునాటి నుంచి కొత్త నియామకాల్లో రిజర్వేషన్ పాటించవలసిన విధి ఆ సంస్థకు లేదు. విశాఖ ఉక్కులో నూరు శాతం వాటాల విక్రయానికి కేంద్ర మంత్రివర్గ సంఘం 2021 జనవరిలో సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పుడు, ఉద్యమం భూముల గురించి, గనుల గురించి, ఆంధ్రుల ఆత్మగౌరవం గురించి మాట్లాడింది. అవన్నీ న్యాయమైన మాటలే. ఆ అమ్మకంతో దళితుల, ఆదివాసుల, వెనుకబడిన వర్గాల నియామక హక్కు కూడా అమ్ముడవుతుందన్న మాట మాత్రం తగినంత గట్టిగా వినిపించలేదు. మన సంఘాలు ఆ మాట చెప్పి ఉండవలసింది.

చదువు దాకా చేయి పట్టుకుని

4 శాతం వల్ల ఏమీ జరగలేదనడం అన్యాయం. విద్యారంగంలో దాని ఫలితం కళ్ళకు కడుతోంది. వైద్య, ఇంజనీరింగ్ కళాశాలల్లో, బోధనా రుసుముల చెల్లింపు పథకం తోడై, అత్తరు సాయిబు మనవరాలు, హజామ్ కొడుకు అడుగుపెట్టారు. తెలంగాణలో 2016 నుంచి క్రమంగా 200కు పైగా మైనారిటీ గురుకులాలు వచ్చాయి. వాటిలో సగం ఆడపిల్లలవి. మన తల్లులు కలలో కూడా ఊహించని చదువులు మన కుమార్తెలు చదువుతున్నారు.

చిక్కు అక్కడి నుంచే మొదలవుతోంది. రిజర్వేషన్ కళాశాల దాకా చేయి పట్టుకుని తీసుకువెళ్ళి, ఉద్యోగ ద్వారం దగ్గర చేయి వదిలేస్తోంది. ద్వారం అవతల ఉన్నది ప్రైవేటు రంగం. అక్కడ ప్రతిభ ఒక్కటే కొలమానమని మనకు చెబుతారు. ఆ కొలమానాన్ని సుఖదేవ్ థోరట్, పాల్ అట్యువెల్ పరీక్షించి చూశారు. పత్రికల్లో ప్రైవేటు సంస్థలు ఇచ్చిన ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి దరఖాస్తులు పంపారు. 2007లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళితుని పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరున్న దరఖాస్తుకు మూడో వంతు మాత్రమే. బయోడేటాలో చదువు పంక్తి దాకా చూపు వెళ్ళకముందే పేరు పంక్తి దగ్గర నిర్ణయం జరిగిపోతోంది. కాబట్టి మార్కెట్ కులమతాలకు గుడ్డిది అన్న మాట సత్యం కాదు. అది చదవగలదు. మొదట పేరే చదువుతుంది.

ఆ ద్వారం దగ్గర ఆగిపోయిన యువకులు ఏమవుతున్నారో మనందరికీ తెలుసు. కొందరు గల్ఫ్‌కు వెళుతున్నారు. చాలామంది క్యాబ్ తోలుతున్నారు, ఆహార పొట్లాలు మోస్తున్నారు. వారిని ‘భాగస్వాములు’ అని పిలుస్తున్నారు. కమీషన్ ఎంత కోయాలో నిర్ణయించడంలో ఆ భాగస్వామికి భాగం లేదు. ప్రమాదం జరిగితే యజమాని ఎవరో తెలియదు. ఆడవారు ఇంటి గడప దాటకుండానే జరీ పని చేస్తున్నారు, బీడీలు చుడుతున్నారు, ముక్కకు ఇంత చొప్పున కూలి తీసుకుంటున్నారు. ఆ పనికి గంటల లెక్క లేదు, వేతనం పెంచమని అడగడానికి ఎదుట మనిషి లేడు.

పాత కాలాన్ని పొగడడం లేదు

మా వాదనకు ఒక ఎదురు ప్రశ్న ఉంది, అది న్యాయమైనదే. లైసెన్సుల రాజ్యంలో ముస్లింలు బాగుపడ్డారా? లేదు. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ఆ సంగతిని నిర్మొహమాటంగా చెప్పింది. జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం, రైల్వేల్లో 4.5 శాతం. ఆ రైల్వే ఉద్యోగుల్లోనూ దాదాపు అందరూ కింది స్థాయివారే. ఈ లోటు 1991 తరువాత పుట్టింది కాదు. స్వాతంత్ర్యం తరువాతి దశాబ్దాల నిర్లక్ష్యం అందులో ఉంది. ఫోన్ల మరమ్మతులో, ఏ.సి. మెకానిక్ పనిలో, చిన్న ఎగుమతుల్లో, సాఫ్ట్‌వేర్‌లో కొందరు మనవాళ్ళు కొత్త కాలం ఇచ్చిన అవకాశాలను అందిపుచ్చుకున్న మాటా నిజమే.

అందుకే పాత వ్యవస్థను తిరిగి తెమ్మని మేము అడగడం లేదు. పాత వ్యవస్థలో కనీసం అడిగే చోటు ఉండేది. సర్కారు కొలువులో మన వాటా తక్కువగా ఉందని లెక్క తీసి చూపగలిగాం కాబట్టే సచార్ నివేదిక వచ్చింది, బీసీ-ఇ వచ్చింది. ప్రైవేటు రంగంలో ఆ లెక్కే లేదు. లెక్క లేని చోట వివక్ష నేరం కాదు, వదంతి మాత్రమే. వృత్తిదారుల విషయంలోనూ ఇదే జరుగుతోంది. సొంత పని మీద ఆధారపడేవారు ముస్లింలలో ఇతరులకంటే ఎక్కువని, వారికి కావలసింది బ్యాంకు రుణమని సచార్ కమిటీ చెప్పింది. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే వాడలను రుణాలకు ప్రతికూల ప్రాంతాలుగా చూస్తున్నాయనీ నమోదు చేసింది. 2023లో మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. క్షురక వృత్తి, బట్టలుతికే వృత్తి, దర్జీ పని, రాతి పని అందులో ఉన్నాయి కాబట్టి అర్హులైన మనవారు తప్పక దరఖాస్తు చేసుకోవాలి. దూది ఏకే వృత్తి మాత్రం ఆ జాబితాలో లేదు. దాన్ని చేర్చమని అడగవలసింది మనమే.

ఏమి అడగాలి

శాతం పెంచమన్న డిమాండును వదులుకోమని మేము చెప్పడం లేదు. దాని పక్కన మరికొన్ని డిమాండ్లు నిలబెట్టాలంటున్నాం.

మొదటిది, ప్రభుత్వ పనికోసం ఏజెన్సీల ద్వారా తీసుకునే ప్రతి పోస్టుకూ రోస్టరు వర్తించాలి. జీతం ప్రజాధనం నుంచి వస్తున్నప్పుడు నియామకానికి ప్రజల నియమమే ఉండాలి. ప్రతి జిల్లాలో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది సామాజిక వివరాలను ఏటా ప్రకటించాలి. ప్రభుత్వం ప్రకటించే దాకా ఆగకుండా, సమాచార హక్కు చట్టం కింద మన సంఘాలు శాఖలవారీగా ఆ వివరాలు కోరవచ్చు.

రెండవది, ప్రభుత్వ సంస్థను అమ్మితే ఒప్పందంలోనే నియామకాల షరతు ఉండాలి. అలాగే చవకగా భూమి, పన్ను రాయితీ, విద్యుత్ రాయితీ పొందే ప్రతి ప్రైవేటు సంస్థా తన సిబ్బంది సామాజిక కూర్పును వెల్లడించాలి. రాయితీ తీసుకునేటప్పుడు రాజ్యంతో బంధుత్వం, ఉద్యోగాలిచ్చేటప్పుడు రాజ్యంతో తెగదెంపులు అంటే కుదరదు.

మూడవది, సచార్ కమిటీ సిఫారసు చేసిన సమాన అవకాశాల కమిషన్. మాధవ మీనన్ నేతృత్వంలోని నిపుణుల బృందం 2008లోనే దాని స్వరూపాన్ని వివరించింది. అదే ఏడాది అమితాబ్ కుందు బృందం వైవిధ్య సూచిక ఎలా ఉండాలో చెప్పింది. రెండూ కాగితాల మీదే మిగిలాయి. ఉద్యోగంలోనో, అద్దె ఇంటి విషయంలోనో వివక్ష ఎదురైనప్పుడు ఎక్కడికి వెళ్ళాలో తెలియని పరిస్థితి అందుకే ఉంది.

నాలుగవది, యాప్‌ల మీద ఆధారపడి పనిచేసేవారికి చట్టబద్ధమైన రక్షణ. రాజస్థాన్ 2023లో ఇందుకోసం చట్టం చేసి దారి చూపింది. రిజర్వేషన్ అందని చోట శ్రామిక చట్టమే మన బిడ్డకు రక్ష.

ఈ నాలుగింటిలో ఏదీ ముస్లింలకు మాత్రమే పరిమితమైనది కాదని పాఠకులు గమనించే ఉంటారు. అది కావాలనే చెప్పాం. మాయమవుతున్న రోస్టరులో మాల, మాదిగ, లంబాడా, కోయ, చాకలి, మంగలి పేర్లు కూడా ఉన్నాయి. మనకు 4 శాతం ఇస్తే తమ వాటా తగ్గుతుందని వెనుకబడిన హిందూ కులాలకు నూరిపోసేవారు, ఉన్న వాటా మొత్తం కరిగిపోతున్న సంగతిని వారికి చెప్పరు. ఆ మాట చెప్పవలసింది మనం. మనవైపు నుంచి కూడా ఒక సవరణ అవసరం. మన సభా వేదికల మీద ధోబీ, ఫకీర్, దూదేకుల, కాశ సోదరులకు, ఇంటి పని చేసే అక్కచెల్లెళ్ళకు కుర్చీ ఉండాలి. వారి పేరున వచ్చిన హక్కు గురించి వారు లేకుండా మాట్లాడడం తగదు.

తూకంలో మోసం చేయరాదని మన ధర్మం వర్తకుడికి గట్టిగా చెబుతుంది. ఆ నియమం రాజ్యానికీ వర్తిస్తుంది. ఒక చేత్తో 4 శాతం తూచి ఇస్తూ, మరో చేత్తో తక్కెడలోని సరుకునే తగ్గించడం తూకంలో మోసమే. రాబోయే ఎన్నికల్లో మన వాడకు వచ్చే ప్రతి అభ్యర్థినీ శాతం ఎంతని అడుగుదాం. ఆ వెంటనే, ఎన్ని ఉద్యోగాల్లో అని కూడా అడుగుదాం. రెండో ప్రశ్నకు జవాబు అంకెల్లో చెప్పలేనివారి మొదటి జవాబును నమ్మనవసరం లేదు.